గోనెసంచిలో బుల్లెట్టు

మామయ్య పెట్టిన షరతు ఒక్కటే. "నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అల్లుడూ. ఫ్రేము మీద మాత్రం రంపం పెట్టనివ్వకు. ఊడదీసిన ప్రతి సామానూ ఒక గోనెసంచిలో వేసి దాచు. ఎప్పుడడిగినా నాకు చూపించాలి."

బండి 1992 మోడల్ బుల్లెట్ 350. చిలకలూరిపేట దగ్గర పల్లెలో పత్తి కమిషన్ వ్యాపారం చేసిన రోజుల్లో మామయ్య దాని మీద తిరగని చేను లేదు. మోకాలు అరిగి కిక్ కొట్టలేక, పశువుల కొట్టం పక్కన నిలబెట్టేశాడు. ఆరేళ్ళు అక్కడే ఉంది. కోళ్ళకు దాని సీటు బాగా అలవాటైపోయింది. నేను విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళు ఫోన్లో బాబర్ బండ్ల ఫొటోలు చూస్తూ పిచ్చెక్కి ఉన్నాను.

బాబర్ అంటే తెలియనివాళ్ళకు: రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో కుర్రాళ్ళు పెద్ద బండ్ల మడ్‌గార్డులు కత్తిరించి, అక్కర్లేదనుకున్నవన్నీ పీకేసి, బరువు తగ్గించి తోలేవాళ్ళు. వాళ్ళలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు చాలామంది. ఒంటి సీటు, పొట్టి మడ్‌గార్డు, కిందికి ఉన్న హ్యాండిల్, లావు టైరు. మన దేశంలో జైపూర్‌లో రాజ్‌పుతానా కస్టమ్స్, ముంబైలో వర్దెంచీ లాంటివాళ్ళు బుల్లెట్ ఇంజిన్ల చుట్టూ ఇలాంటి బండ్లు కట్టి పేరు తెచ్చుకున్నారు. వాళ్ళ దగ్గరికి పోయే స్థోమత నాకు లేదు. ఆటోనగర్ మాత్రం ఇంటికి ఐదు కిలోమీటర్లు.

బండి ముట్టుకునే ముందు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి చేయించాలి. ఆ ఏడాదే, 2022 ఏప్రిల్‌లో, ఫీజు మూడొందల నుంచి వెయ్యికి పెరిగింది. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆ పని మీద తిరుగుతున్నప్పుడే చట్టం సంగతి కూడా చదివాను, చదివాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అలా మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. నా ఫోన్లో ఉన్న బాబర్ ఫొటో తీసుకుని వేళ్ళ మీద లెక్కపెడితే పాతిక వేలు దాటింది.

ఫ్రేము కోయొద్దన్న మామయ్య మాట అప్పుడు తలకెక్కింది. ఏం చేసినా బోల్టులు విప్పి బిగించుకునేలా ఉండాలి, వద్దనుకుంటే ఒక ఆదివారంలో పాతది పాతలా అయిపోవాలి. ఇలా చేస్తే చట్టం వదిలేస్తుందని నేను చెప్పడం లేదు. నా ధైర్యం అంతవరకే అంటున్నాను.

ఆటోనగర్‌లో నాకు దొరికిన మెకానిక్‌ను అందరూ భాయ్ అనే పిలుస్తారు. వయసు అరవై పైమాటే. బుల్లెట్లు తప్ప వేరే బండి షెడ్డులోకి రానివ్వడు. నేను ట్రాలీ ఆటోలోంచి బండి దించుతుంటే టీ గ్లాసు చేత్తో పట్టుకుని చుట్టూ తిరిగి చూసి, "కోయడానికి తెచ్చావా, తోలడానికి తెచ్చావా?" అన్నాడు. రెండూ అన్నాను. "ముందు ఇంజిన్. తర్వాత నీ సోకులు" అని గ్లాసు కింద పెట్టాడు.

ఇంజిన్ విప్పిన రోజు సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. 346 సీసీ, బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ వెడల్పు కన్నా అది ఎక్కిదిగే దూరం ఎక్కువ, దానికితోడు లోపల ఫ్లైవీళ్ళనే బరువైన చక్రాలు, అందుకే అంత నిదానంగా గుండెల మీద కొట్టినట్టు దబ్ దబ్ మంటుంది. ఈ ఇంజిన్ పుట్టింది ఇంగ్లండులోని రెడిచ్‌లో. 1955లో అక్కడి కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఇక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బండ్లు కట్టారు. ఇదంతా నేను ఎక్కడెక్కడో చదివి ఉత్సాహంగా భాయ్‌కి చెబుతుంటే, "రెడిచ్చో గిడిచ్చో, ముందు ఇది చూడు" అని పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ లాగాడు. టక్ టక్ మంది.

రాడ్డు కింది కంతలో ఉండే బుష్ అరిగిపోయింది. కంపెనీ పెట్టేది ఫ్లోటింగ్ బుష్, అంటే ఎటూ బిగించకుండా మధ్యలో వదులుగా తిరిగేది. ఆయిలు సరిగ్గా అందినంత కాలం దానికి ఢోకా లేదు. ఆయిలు చూసుకోకుండా తోలితే ఇంతే సంగతులు. చాలామంది దాని స్థానంలో రోలర్ బేరింగు వేయిస్తారు, భాయ్ కూడా అదే వేయిద్దామన్నాడు. అక్కడ నుంచి మొదలైంది నా తిరుగుడు. ఆటోనగర్‌లో ఒక్కో పనికీ ఒక్కో సందు. క్రాంకు ప్రెస్సులో పెట్టి విడదీసి, కొత్త బేరింగుతో బిగించి, డయల్ పెట్టి వంకర తీసేవాడు ఒక చోట. సిలిండర్ బోరు చేసేవాడు ఇంకో చోట. వాల్వులు గ్రైండింగ్ మరో చోట. క్రోమ్ వేయించాలంటే అసలు ఆ పక్కనే లేడు, ఊరి చివరికి పోవాలి. ప్రతి ఒక్కడూ "రేపు రండి" అంటాడు. ఆ రేపు అనే మాటకు ఆటోనగర్ క్యాలెండర్‌లో తేదీ ఉండదు. నలభై ఐదు రోజులన్న పని ఏడు నెలలు పట్టింది.

కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ సందుల్లో నేను చూసిన పనితనం వీడియోల్లో చూడలేదు. భాయ్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడాల్సిన క్షణం, పెట్టిన తీరు చెబుతాను. ఆ నిప్పురవ్వకు స్విచ్చులా పనిచేసే పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ముక్క పెట్టాడు. దాన్ని రెండు వేళ్ళతో మెత్తగా లాగిపట్టి, ఇంకో చేత్తో ఇంజిన్‌ను కొద్దికొద్దిగా తిప్పుతున్నాడు. కాగితం వదులై చేతికొచ్చిన క్షణమే పాయింట్లు తెరుచుకున్నట్టు. ఆ క్షణానికి పిస్టన్ పైకొసకు చేరడానికి మిల్లీమీటరు కన్నా తక్కువ దూరం మిగలాలి. వాల్వుల సందు సరిచేసే ట్యాపెట్లకైతే గేజీ కూడా లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వును కదిలించే పుష్‌రాడ్ వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. నా చేత కూడా తిప్పించాడు. నేను సరిపోయిందన్న ప్రతిసారీ ఆయన కాదన్నాడు.

ఇంజిన్ బిగించాక మొదటిసారి కిక్ కొట్టింది నేనే. కొట్టింది అనడం కూడా తప్పే, నన్నే అది కొట్టింది. సగం మనసుతో తొక్కితే కిక్ రాడ్ వెనక్కి తన్ని పిక్క మీద తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడు భాయ్ నేర్పాడు. కిక్ మెల్లగా తొక్కుతూ పోతే ఒక చోట గట్టిగా అడ్డం పడుతుంది. ఆంపియర్ మీటరులో ముల్లు మధ్యకొచ్చిందో లేదో చూసుకో. సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెసర్ మీట పట్టుకుని ఇంకాస్త కిందికి నొక్కు. వదిలేసి, కిక్‌ను పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒళ్ళంతా బరువేసి ఒక్క తొక్కుడు. "అడుగుతున్నట్టు తొక్కకు. చెబుతున్నట్టు తొక్కు" అన్నాడు. మూడోసారికి పలికింది. షెడ్డులో ఉన్న పిచ్చుకలన్నీ లేచిపోయాయి.

ఇక నా సోకుల సంగతి. వీటిలో నేను చేసిన తెలివితక్కువ పనులే ఎక్కువ.

మొదటిది లావు టైరు. భాయ్‌ని అడగకుండానే 16 అంగుళాల రిమ్ము, 5 అంగుళాల వెడల్పు టైరు కొనుక్కుని భుజాన వేసుకుని వెళ్ళాను. ఆయన పాత చక్రం పక్కన నిలబెట్టి చూపించాడు. ఎత్తు దాదాపు ఒకటే! 19 అంగుళాల రిమ్ముకు సన్నటి టైరు, 16 అంగుళాల రిమ్ముకు లావు టైరు వేస్తే మొత్తం ఎత్తు ఇంచుమించు సమానమే అవుతుంది. తేడా అంతా వెడల్పులో ఉంది. కంపెనీ టైరు 3.25 అంగుళాలు. 5 అంగుళాలది పెడితే ఎడమ పక్క చైనుకు రాసుకుంటుంది. రాసుకోకుండా ఉండాలంటే వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ వెడల్పు చేయాలి, స్ప్రాకెట్లు బయటికి జరపాలి, అంటే కోయాలి, వెల్డింగ్ పెట్టాలి. మామయ్య గొంతు వినపడింది. ఏడున్నర వేలు బూడిదలో పోసినట్టే. కొన్న చోట వెనక్కి తీసుకోనన్నారు. ఆ టైరు ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ పిల్లలు మేడ మీద దొర్లిస్తుంటారు.

ఒకటి మారిస్తే దాని వెనక నాలుగు కదులుతాయని హ్యాండిల్ దగ్గర అర్థమైంది. కిందికి ఉండే సన్నటి హ్యాండిల్ బిగించేసరికి క్లచ్ కేబుల్ పొడుగైపోయి ట్యాంకు మీద పాములా లేచింది. యాక్సిలరేటర్ కేబుల్ మెలిక పడి, హ్యాండిల్ ఎడమకు తిప్పితే చాలు, బండి దానంతటదే రేజ్ అయ్యేది. కేబుళ్ళు కొలత ఇచ్చి చేయించాల్సి వచ్చింది. అద్దాలు నిలబడలేదు, వాటికి వేరే క్లాంపులు. ఇండికేటర్లు ట్యాంకుకు తగులుతున్నాయి, వాటిని జరిపితే వైర్లు చాలలేదు. రెండు వేల రూపాయల హ్యాండిల్‌కు దాని పరివారం ఐదు వేలు తిన్నది.

మడ్‌గార్డు విషయంలో కొంచెం తెలివి చూపించాను. కంపెనీది సంచిలో వేసి, పాత సామాన్ల కొట్లో ఇంకోటి కొని దాన్ని కత్తిరించాను. సుద్దముక్కతో గీత గీసింది నేనే. టింకరింగ్ చేసే అతను "ఇంకో జానెడు ఉంచుదాం సార్" అన్నాడు. ఫొటోలో అంతే ఉంది, కోసేయమన్నాను. చూడటానికి అద్భుతంగా ఉంది. ఆగస్టులో కొండపల్లి దాటాక వాన పట్టుకుంది. ఇంటికొచ్చి చొక్కా విప్పితే నడుము నుంచి మెడ దాకా బురద చార, ఎవరో బ్రష్షుతో గీసినంత తిన్నగా. ఆ చొక్కా మా ఆవిడ దాచి వచ్చినవాళ్ళందరికీ చూపించింది. వారం తిరక్కుండా రెండో మడ్‌గార్డు కొన్నాను. ఈసారి జానెడు ఉంచమని నేనే చెప్పాను. "రెండు సార్" అన్నాడతను. రెండు ఉంచాం.

సీటు కుట్టేవాడు మాత్రం మనసు పెట్టి చేశాడు. కింద స్ప్రింగులు, పైన ముదురు గోధుమ రంగు రెగ్జిన్. ఇంటికి తెస్తే మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఏడు నెలల్లో ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదని చెబితే నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు.

రంగు పని దగ్గర కాసేపు ఆగాలి. ట్యాంకుకు నల్లరంగు, దాని మీద బంగారు గీతలు కావాలన్నాను. స్టిక్కర్లు వద్దు. మద్రాసు ఫ్యాక్టరీలో ఆ గీతలు చేత్తోనే గీస్తారు. పొడుగాటి వెంట్రుకల బ్రష్షు, కొలబద్ద ఉండదు, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో లాగడమే. అలాంటివాళ్ళు ఇక్కడ ఎవరున్నారని అడిగితే భాయ్ నన్ను లారీ బాడీలకు రంగులేసే ఆయన దగ్గరికి పంపాడు. ఆయన లారీల వెనక నెమళ్ళు, తామరలు వేస్తాడు, హారన్ ప్లీజ్ రాస్తాడు. ట్యాంకును ఒళ్ళో పసిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు పెట్టుకుని, చిటికెన వేలు దాని అంచుకు ఆనించి, ఒక్క గీత లాగాడు. వంపు దగ్గర కూడా చెయ్యి ఆగలేదు. రెండో పక్క గీత కూడా అయ్యాక, మొదటిదానితో సరిపోయిందో లేదో చూద్దామని నేను టేపు తీస్తే నవ్వాడు. తీసుకున్నది ఎనిమిది వందలు. వెళ్ళేటప్పుడు, "వెనకాల ఏమైనా రాయమంటారా? చాలామంది అమ్మ దీవెన రాయించుకుంటారు" అన్నాడు. వెనకాల రాయడానికి మడ్‌గార్డు ఎక్కడ మిగిలిందని?

సైలెన్సర్ కథ సిగ్గుపడేది. పొట్టిది పెట్టాను, బుల్లెట్ అంటే వినపడాలి కదా అని. భాయ్ ఆ పని చేయనన్నాడు, వేరే చోట బిగించుకున్నాను. పది రోజులు రాజాలా తిరిగాను. ఆ తర్వాత యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపాకాయలు పేలడం మొదలైంది. ప్లగ్గు విప్పి చూస్తే తెల్లగా సున్నం కొట్టినట్టుంది. ప్లగ్గు ఇటుక రంగులో ఉంటే ఇంజిన్‌కు సరిగ్గా తిండి అందుతున్నట్టు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. పొగ పోయే దారి ఖాళీ చేసేసరికి లోపలికి పోయే మిశ్రమం పల్చబడి ఇంజిన్ వేడెక్కుతోంది. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు పెద్దది వేస్తే సర్దుకునేదే. కానీ ఆ వారమే కింది ఫ్లాటులో మూడు నెలల బాబును ఎత్తుకుని వాళ్ళ అమ్మమ్మ నా తలుపు కొట్టింది. ఏమీ తిట్టలేదు. "ఇప్పుడే పడుకోబెట్టాం నాయనా" అంది, అంతే. మర్నాడు బండిని గేటు దాకా తోసుకుంటూ వెళ్ళి, అక్కడ నుంచి స్టార్ట్ చేసి, తిన్నగా భాయ్ షెడ్డుకు పోయాను. గోనెసంచిలోంచి మొదట బయటికొచ్చిన సామాను మామయ్య పొడుగు సైలెన్సరే. భాయ్ ఏమీ అనలేదు, బిగించేటప్పుడు మాత్రం ఈల వేశాడు.

ఆదివారాలు పొద్దున్నే అమరావతి దాకా పోయే ఒక గుంపు ఉంది, అందులో చేరాను. బుల్లెట్టు వాళ్ళంటే గడ్డాలు, తోలు జాకెట్లు అనుకునేవాణ్ణి. ఇక్కడ ఒక పళ్ళ డాక్టరు, లారీ బాడీలకు వెల్డింగ్ చేసే కుర్రాడు, ఎల్ఐసీలో రిటైరై యమహా ఆర్ఎక్స్ 100 ను సొంతంగా నట్టు నట్టూ విప్పి కట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నారు. టిఫిన్ దగ్గర మాట్లాడుకునేదంతా ఎవరికి ఏ పార్టు ఎక్కడ దొరికిందనే. కొత్త బండి కొన్నవాళ్ళు పాపం ఆ మాటల్లో కలవలేరు.

ఆ గుంపులో నాకు బాగా దగ్గరైనది మాత్రం బుల్లెట్ ఆయన కాదు. చిన్నప్పుడు పోలియో వచ్చిన ఒక అన్న, వెనక రెండు పక్క చక్రాలున్న స్కూటర్ మీద వస్తాడు. భాయ్ షెడ్డు ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపులోనే చేయించుకున్నాడట. ఎలా కట్టారో కూర్చోబెట్టి చెప్పాడు. పక్క చక్రాలు నేలకు మరీ గట్టిగా ఆనిస్తే, గతుకు వచ్చినప్పుడు బరువంతా వాటి మీదే పడి, ఇంజిన్ తిప్పే అసలు చక్రం గాల్లో తేలి ఊరికే తిరుగుతుంది. మరీ వదులుగా పెడితే మలుపులో బండి ఒరుగుతుంది. సరిగ్గా కుదరడానికి ఆయన నాలుగుసార్లు విప్పించాడు. మా గుంపులో మార్పు ఆర్సీలో ఎక్కిన బండి ఆయనది ఒక్కటే. దివ్యాంగుల కోసం చేసే మార్పుకు చట్టంలో దారి ఉంది, ముందు అనుమతి తీసుకుని చేయించుకున్నాడు. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి ఆయన అడిగింది ఒకటే: "సైడ్ స్టాండు మీద మరీ వాలిపోతోంది, చూసుకున్నావా?" చూసుకోలేదు. ఆ రాత్రి పార్కింగ్‌లో పడిపోయింది. కొత్త గీతల మీద సొట్ట. లారీ ఆయన మళ్ళీ ఎనిమిది వందలే తీసుకున్నాడు.

మొత్తం ఖర్చు నలభై వేలనుకున్నాను. ఎనభై ఒక్క వేలయింది. అందులో ఇంజిన్ పని ముప్పై దాకా ఉంటుంది, దానికి ఒక్క రూపాయి కూడా బాధ లేదు. మిగతా దాంట్లో సగం, చేసిన పనిని మళ్ళీ విప్పడానికే పోయింది.

మామయ్య సంక్రాంతికి చూశాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. లేచి వచ్చి మోకాళ్ళు పట్టుకుని వంగి, ఇంజిన్ కింద నేలను వేలితో తుడిచి చూశాడు. ఆయిలు కారడం లేదని నమ్మకం కుదిరాక, "సైకిలు సీటు పెట్టించావేంట్రా" అన్నాడు. తర్వాత సంచి తెమ్మన్నాడు. ఒక్కొక్క సామాను తీసి అరుగు మీద పేర్చి లెక్క చూసుకున్నాడు. పాత సీటు మీద కోడి గోళ్ళ గీతలు చూసి నవ్వాడు. ఎనిమిది బోల్టులు ఉండాలట, ఏడే ఉన్నాయి. ఆ ఎనిమిదోది ఏదని భోజనాల దగ్గర కూడా అడిగాడు.

ఆ సంచి తర్వాత తర్వాత ఖాళీ అవుతూ వచ్చింది. పాత సీటు శనివారం సాయంత్రాలు బిగిస్తాను, మా ఆవిడను కూర్చోబెట్టుకుని ప్రకాశం బ్యారేజీ దాకా పోయి రావడానికి. సోమవారం ఒంటి సీటు పెట్టాలి, కానీ బద్ధకం వేసి ఈ మధ్య పెట్టడం లేదు. ఇండికేటర్లు పాతవే బాగా కనపడతాయని అవి వచ్చేశాయి. రెండు వానాకాలాల తర్వాత కంపెనీ మడ్‌గార్డు కూడా ఎక్కింది, ఏడు బోల్టులతోనే. వచ్చే ఏడాది 2027లో మళ్ళీ రెన్యువల్ ఉంది. నిన్న అటక మీద నుంచి సంచి దింపి చూస్తే అడుగున పాత హ్యాండిల్ ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా బిగించేస్తే పనైపోతుందని భాయ్ అంటున్నాడు. ఇంకా టైముంది కదా అని దాన్ని సంచిలోనే ఉంచాను.